తమ్ముడికి ఇంట్లోంచే లా పరీక్షలు, మేమేం చేయగలం?

నాచారం అక్క · శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాడు. డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు మెడికల్ షాపులో పనిచేసి, ఆ తర్వాత లాసెట్ రాసి మళ్లీ పుస్తకం పట్టాడు. దాంతోపాటు సైబర్ చట్టాల మీద ఆన్‌లైన్ పీజీ డిప్లొమా కూడా కట్టాడు. ఆ డిప్లొమా పరీక్ష ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని రాయాలి.

మొన్న ఆదివారం మాక్ టెస్ట్ పెట్టారు. మాది రెండు గదుల ఇల్లు. పరీక్ష మొదలైన ఇరవై నిమిషాలకు స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చింది, గదిలో మాటలు వినిపిస్తున్నాయని. మాట్లాడింది వేరెవరో కాదు, వాడే. ప్రశ్నను గొణుక్కుంటూ చదవడం వాడికి చిన్నప్పటి అలవాటు. రెండో హెచ్చరిక అమ్మ పెట్టిన కుక్కర్ విజిల్‌కి వచ్చింది. మూడోసారి నానమ్మ తలుపు తోసుకుని వచ్చి "ఏమన్నా తిన్నావా నాయనా" అంది. పరీక్ష ఆగిపోయింది. వాడు ల్యాప్‌టాప్ మూసేసి డాబా ఎక్కి కూర్చున్నాడు, అన్నానికి కూడా రాలేదు.

అసలు పరీక్ష వచ్చే నెల 9న. ఆ తర్వాత కాలేజీ సెమిస్టర్, ఆపైన బార్ పరీక్ష అంటున్నాడు. నేను బట్టల షాపులో అకౌంట్స్ చూస్తాను, చట్టం గురించి నాకేం తెలీదు. ఇంట్లో ఉండి మేం చేయగలిగింది ఏమైనా ఉంటే చెప్పండి.

బ్యాక్‌బెంచ్ వకీలు · శనివారం రాత్రి 11:15

అక్కా, ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. నేను 2020లో ఫైనల్ ఇయర్. ఆ ఏడాది జూలై 6న యూజీసీ ఫైనల్ పరీక్షలు పెట్టి తీరాలంది, ఆగస్టు 28న సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. అప్పటిదాకా 'ప్రమోట్ చేసేస్తారులే' అనుకుని పుస్తకం తియ్యని బ్యాచ్ మాది.

మీ ఇంట్లో వచ్చింది చదువు సమస్య కాదు, రిహార్సల్ సమస్య. 9వ తేదీలోపు కనీసం మూడుసార్లు అదే టైముకి, అదే కుర్చీలో, అదే చొక్కాతో మొత్తం పరీక్ష నడిపించండి. చొక్కా ఎందుకంటే, వెనక కిటికీ వెలుగు పడితే ముఖం నల్లగా కనిపించి సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టదు. ముదురు చొక్కా అయితే ఇంకా కష్టం. వెనకాల గోడ ఉండాలి, వెలుగు ముందునుంచి రావాలి. గోడ మీద క్యాలెండర్ ఉన్నా తీసెయ్యండి, గది చూపించమన్నప్పుడు దాని మీద ఏం రాసుందని అడుగుతారు. మా ఫ్రెండ్ వాళ్లింట్లో పాలవాడి లెక్కలు రాసిన క్యాలెండర్ గురించి ఐదు నిమిషాలు సంజాయిషీ చెప్పుకున్నాడు.

వంట పరీక్షకు ముందే అయిపోవాలి. నానమ్మను ఆ మూడు గంటలూ పక్కింటికి సాగనంపండి.

సెకండ్ సెమ్ · శనివారం రాత్రి 11:32

గొణుగుడికి నా చిట్కా: నోట్లో యాలక్కాయ పెట్టుకుంటే పెదవులు కదలవు. నాకు పనిచేసింది.

బ్యాక్‌బెంచ్ వకీలు · శనివారం రాత్రి 11:38

తమ్మీ, నమిలితే నోరు కదులుతోందని ఇంకో హెచ్చరిక వస్తుంది. దానికన్నా మౌస్ బాణాన్ని పదం కింద జరుపుకుంటూ చదవడం నయం. వారం రోజులు చేస్తే అలవాటైపోతుంది.

కరెంటోళ్ల అబ్బాయి · ఆదివారం ఉదయం 7:05

నెట్ సంగతి నేను చెప్తా. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది కానీ వైఫై డబ్బా ఆగిపోతుంది, ఇది చాలామంది మర్చిపోతారు. ఆ డబ్బాకి పెట్టే చిన్న యూపీఎస్ విడిగా దొరుకుతుంది, అరచేయంత ఉంటుంది. రెండో ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టి, ఆ పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్‌లో ముందే సేవ్ చేసి ఉంచండి. ఫోన్ పక్క గదిలో మీ దగ్గర ఉండాలి, వాడి బల్ల మీద కాదు. ల్యాప్‌టాప్ అప్‌డేట్లన్నీ ముందురోజే చేసెయ్యండి. సరిగ్గా పరీక్ష మధ్యలో నీలం తెర వచ్చి 'పది శాతం పూర్తయింది' అంటే ఆ బాధ పగవాడికి కూడా వద్దు.

నాచారం అక్క · ఆదివారం ఉదయం 8:20

డబ్బాకి యూపీఎస్ ఉంటుందని నిజంగా తెలీదు. థాంక్స్ అన్నా. అయినా నెట్ పోతే ఏం చెయ్యాలి? మాక్ రోజు ఆగిపోయాక సహాయం నంబర్‌కి నలభై నిమిషాలు ఫోన్ చేశాం, ఎవరూ ఎత్తలేదు.

బ్యాక్‌బెంచ్ వకీలు · ఆదివారం ఉదయం 9:10

ఇక్కడే లా స్టూడెంట్ బుర్ర వాడాలి. ఆగిన క్షణంలో గోడ గడియారం, స్క్రీన్ రెండూ పడేలా మీరు ఫోన్‌తో ఫోటో తియ్యండి, వాడు తియ్యకూడదు. ఫోన్ చేసిన కాల్ లిస్టు దాచండి. పది నిమిషాల్లో పరీక్షల విభాగానికి ఈమెయిల్ వెళ్లాలి: ఎన్ని గంటలకు ఆగింది, ఎన్నో ప్రశ్న దగ్గర ఆగింది, మళ్లీ ఎప్పుడు కలిసింది. నాలుగు వాక్యాలు చాలు, ఏడుపు వద్దు. ఆ ఈమెయిల్ చిత్తుప్రతి ముందురోజే రాసి పెట్టుకోమనండి. భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్, అంటే పాత సాక్ష్య చట్టంలోని 65బి, చదివే ఉంటాడుగా, ఎలక్ట్రానిక్ రికార్డు విలువ వాడికి నేను చెప్పక్కర్లేదు.

ఇంటి నుంచి పరీక్ష అంటే కోర్టులకూ అనుమానమే, అది కూడా చెప్తా. 2020లో బెంగళూరు నేషనల్ లా స్కూల్, నేషనల్ లా యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష క్లాట్‌ని పక్కనపెట్టి సొంతంగా ఎన్‌లాట్ అని ఇంట్లోంచి రాసే ప్రవేశ పరీక్ష పెట్టింది. సెప్టెంబర్ 21న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వారానికి, అంటే 28న, క్లాట్ సెంటర్లలోనే జరిగింది. ఆ రోజుల్లో మా జూనియర్లు రెండు సిలబస్‌లు చదవలేక చచ్చారు.

ఉప్పల్ వదిన · ఆదివారం ఉదయం 11:45

మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. మా మరదలు ఉద్యోగం చేస్తూ ఎల్‌ఎల్‌బీనే ఆన్‌లైన్‌లో చేద్దామంటోంది. ఒకచోట ఫీజు కూడా కట్టబోతోంది. చెయ్యొచ్చా?

మాష్టారు · ఆదివారం మధ్యాహ్నం 12:30

అమ్మా, కట్టనివ్వకండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమాల ప్రకారం ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్‌గా, హాజరుతోనే చేయాలి. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో వకీలుగా ఎన్‌రోల్ కాలేరు. డిప్లొమాల సంగతి వేరు. హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ లాంటి చోట్ల కూడా దూరవిద్య డిప్లొమాలున్నాయి, అవి అదనపు అర్హత మాత్రమే. నాచారం అమ్మాయి తమ్ముడు చేస్తున్నది ఆ రకమే కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక చదువు సంగతి. నేను ఇరవై రెండేళ్లు లా పిల్లలకు పాఠం చెప్పి రిటైరయ్యాను. ఆన్‌లైన్ పరీక్షలో పుస్తకం చూసి రాయనిస్తే పిల్లలు తేలిక అనుకుంటారు. పేజీలు తిప్పడంలోనే సగం టైము పోతుంది. చట్టంలో సెక్షన్ దొరుకుతుంది, జవాబు దొరకదు.

ఒక్క ప్రశ్న ఇస్తాను, మీ తమ్ముణ్ని కూర్చోబెట్టి రాయించండి. ఎస్సార్ నగర్ హాస్టల్లో రాము రూమ్మేట్ సోము ఊరెళ్లాడు. రాము తన ల్యాప్‌టాప్ పాడైందని, అడక్కుండా సోము ల్యాప్‌టాప్ తీసి రెండు గంటలు పరీక్ష రాసుకుని, తిరిగి అదే చోట పెట్టేశాడు. దొంగతనమా, కాదా?

సెకండ్ సెమ్ · ఆదివారం మధ్యాహ్నం 12:52

తిరిగి ఇచ్చేశాడుగా సార్, కాదు.

మాష్టారు · ఆదివారం మధ్యాహ్నం 1:40

నా క్లాసులో కూడా ముందు అందరూ ఇదే అనేవారు. తిరిగి ఇచ్చినంత మాత్రాన సరిపోదు నాయనా. ప్యారేలాల్ భార్గవ కేసులో (1962 తీర్పు) ఒక ఉద్యోగి ఆఫీసు ఫైలు ఇంటికి తీసుకెళ్లి, స్నేహితుడికిచ్చి, మర్నాడు తెచ్చి పెట్టేశాడు. సుప్రీంకోర్టు దొంగతనమేనంది. కాసేపు దూరం చేసినా చాలు, శాశ్వతంగా కాజేయాలన్న ఉద్దేశం ఉండక్కర్లేదు.

అలాగని 'దొంగతనమే' అని ముగిస్తే సగం మార్కులే. దొంగతనం సెక్షన్ కిందే చట్టం ఒక ఉదాహరణ ఇచ్చింది: స్నేహితుడి లైబ్రరీలోంచి, అతను లేనప్పుడు, చదివి తిరిగిచ్చే ఉద్దేశంతో పుస్తకం తీసుకెళ్లినవాడు, స్నేహితుడు ఒప్పుకుంటాడనే నమ్మకంతో చేసి ఉంటే దొంగ కాడు. ఇప్పుడు రాము ఏ పక్కకు వస్తాడు? వాళ్లిద్దరూ ఇదివరకు ఒకరి వస్తువులు ఒకరు వాడుకునేవారా? సోము పాస్‌వర్డ్ తనే చెప్పాడా, రాము దొంగచాటుగా చూశాడా? ప్రశ్నలో ఆ ముక్క లేకపోతే, లేదని చెప్పి రెండు దారులూ రాయాలి. సమస్య ఏమిటి, చట్టం ఏమంటోంది, ఈ వాస్తవాలకు అది ఎలా అతుకుతుంది, చివరికి ఏం తేలింది. ఈ నాలుగులో మూడోదాన్నే పిల్లలు ఎగ్గొడతారు, పేపర్ దిద్దేవాడు వెతికేది దాన్నే.

అమ్మాయ్, నీకు చట్టం తెలియకపోవడమే ఇక్కడ లాభం. వాడు రాసింది నీకు చదివి వినిపించమను. నీకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడ వాడికీ అర్థం కాలేదన్నమాట.

నాచారం అక్క · ఆదివారం రాత్రి 9:55

రాయించాను సార్. ఒకటిన్నర పేజీ రాశాడు. మొదటి పేజీ నిండా సెక్షన్ యథాతథంగా దించాడు. "మరి రాము సంగతేంది?" అని అడిగితే నీళ్లు నమిలాడు. మళ్లీ రాస్తానన్నాడు. వారం తర్వాత వాడు ఇంట్లో నవ్వింది ఇవాళే.

ఇంకో బాధ ఉంది. సెక్షన్ నంబర్లు రెండు రకాలు చదవాలట. పాతవి పోయాయిగా, ఇంకా ఎందుకు?

నాంపల్లి జూనియర్ · ఆదివారం రాత్రి 10:30

అక్కా, నేను ఎన్‌రోల్ అయి రెండేళ్లయింది. కొత్త క్రిమినల్ చట్టాలు 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతి ఐపీసీయే వర్తిస్తుంది. అందుకే ఒకే కోర్టు హాల్లో, ఒకే పొద్దున, ఒక కేసు 302 అని, పక్క కేసు 103 అని పిలుస్తారు. రెండూ హత్యే.

ఐపీసీలో 511 సెక్షన్లుంటే, దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో (భారతీయ న్యాయ సంహిత) 358కి కుదించారు. కాబట్టి 420 అనే నంబరే లేదిప్పుడు, మోసం 318లోకి వెళ్లింది. ప్రమాదం ఎక్కడంటే, పాత నంబరు కొత్తదాంట్లో వేరే అర్థంతో ఉన్నచోట. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టులో కేసు కొట్టేయమని అడగడం. దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిల్. క్వాష్, అంటే ఆ కేసు కొట్టేయడం, ఇప్పుడు 528. బీఎన్‌ఎస్ 302 తీసి చూస్తే మతభావాలు గాయపరిచే మాటల గురించి ఉంటుంది. నేను ఒకసారి ముందస్తు బెయిల్ పిటిషన్ మీద 438 అని పాత నంబరు వేశాను, ఆబ్జెక్షన్‌తో రిటర్న్ అయింది. సీనియర్ ఏమీ అనలేదు, కళ్లద్దాల పైనుంచి ఒక్క చూపు చూశారంతే.

చార్టులు కొనొద్దు. తన చేత్తో తనే రాసుకుని వంటింటి తలుపుకి అంటించమనండి, నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడల్లా కనబడుతుంది. పరీక్ష గదిలో మాత్రం కాదు.

సెకండ్ సెమ్ · ఆదివారం రాత్రి 10:44

ఇవన్నీ ఏఐని అడిగితే చెప్పేస్తుంది కదా అన్నా.

నాంపల్లి జూనియర్ · ఆదివారం రాత్రి 10:58

చెప్తుంది. లేని కేసులు కూడా అంతే ధీమాగా చెప్తుంది. 2023లో న్యూయార్క్‌లో అలా పుట్టించిన తీర్పుల్ని కోర్టులో దాఖలు చేసినందుకు లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. అర్థం కానిది అడుగు, తప్పులేదు. కేసు పేరు చెప్తే మాత్రం ఇండియన్ కానూన్‌లోనో, సుప్రీంకోర్టు సైట్‌లోనో తీర్పు తెరిచి చూసే దాకా నీ జవాబులోకి రానివ్వకు. రెండూ ఫ్రీయే. కెమెరా పరీక్షలో అది తెరిచావా, ఇక నీ మీదే కేసు.

మాష్టారు · సోమవారం ఉదయం 6:15

ఇల్లు ఇరుకైతే చదువుకు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పంపండి. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ కూడా ఉంది. పక్కన నలుగురు తలవంచి చదువుతుంటే మనకూ ఫోన్ తీయబుద్ధి కాదు. పాత పుస్తకాలకు కోఠీ, ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్. కానీ క్రిమినల్ చట్టాల పుస్తకం మాత్రం పాతది కొనవద్దు.

హైటెక్ కాంట్రాక్ట్ · సోమవారం మధ్యాహ్నం 1:20

బార్ పరీక్ష గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. ఏఐబీఈ అంటే వకీలుగా ప్రాక్టీస్‌కి రాయాల్సిన ఆలిండియా బార్ పరీక్ష. అందులో 100 ప్రశ్నలు, నెగెటివ్ మార్కుల్లేవు, తెలుగులోనూ రాయొచ్చు. జనరల్, ఓబీసీకి 45 శాతం, ఎస్సీ, ఎస్టీకి 40 శాతం వస్తే పాస్. ఇది ఇంట్లోంచి కాదు, సెంటర్‌కి వెళ్లి రాయాలి. వ్యాఖ్యలు లేకుండా చట్టం ఒక్కటే ఉన్న పుస్తకాలు, అంటే ఉత్త బేర్ యాక్ట్‌లు మాత్రం తీసుకెళ్లనిస్తారు.

సిలబస్ లెక్క చూడండి: రాజ్యాంగం 10, సీపీసీ (సివిల్ ప్రొసీజర్) 10, క్రిమినల్ ప్రొసీజర్ 10, నేరాల చట్టం 8, సాక్ష్యం 8. ఈ ఐదే 46. అందుకే వీటిలో బేర్ యాక్ట్‌ను కళ్లు మూసుకుని తిప్పగలిగితే సగం గట్టెక్కినట్టే. నేను రాసినప్పుడు బేర్ యాక్ట్ తెచ్చుకుని, ఆరోజే మొదటిసారి తెరిచినవాళ్లని చూశా.

ఎన్‌రోల్‌మెంట్‌కి ఎవరైనా వేలకు వేలు అడిగితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు, అడ్వొకేట్స్ చట్టంలో ఉన్నదానికన్నా ఎక్కువ వసూలు చేయకూడదంది. జనరల్‌కి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీకి 125. స్టాంపు డ్యూటీ అదనం.

కెరీర్ అంటే నా మాట: కోర్టు ఒక్కటే దారి కాదు. నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీలో కాంట్రాక్టులు చదివే ఉద్యోగం చేస్తున్నా. నెల మొదటి తారీఖు జీతం పడుతుంది. ఇంటి బాధ్యతలున్నవాడు ఇది ఆలోచించాలి.

నాంపల్లి జూనియర్ · సోమవారం రాత్రి 8:40

జీతం మాట నిజమే అన్నా. 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ జూనియర్లకు పట్నాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 స్టైపెండ్ ఇమ్మని సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫారసు మాత్రమే. మొదటి ఆర్నెల్లు నాకొచ్చింది పెట్రోల్ ఖర్చులే. కోర్టులో కేసులు పిలిచేటప్పుడు కాల్ వర్క్‌కి నిలబడటం, వాయిదా తేదీ డైరీలో రాయడం, రిటర్న్ అయిన కాగితాలు సరిచేసి మళ్లీ వెయ్యడం, ఇదే పని. ఇందులోనే నేర్చుకుంటాం, కానీ ఇంటి అద్దె దీంతో కట్టలేం. ఇంట్లోవాళ్లు రెండేళ్లు ఆగగలరా లేదా అన్నది ముందే కూర్చుని మాట్లాడుకోండి అక్కా. మా ఇంట్లో మాట్లాడుకోలేదు, ప్రతి పండక్కీ గొడవే.

జడ్జి పరీక్ష రాయాలనుకుంటే కూడా 2025 మే 20 తీర్పుతో మూడేళ్ల ప్రాక్టీస్ తప్పనిసరైంది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ పరీక్షకు ముందు ఇచ్చే తాత్కాలిక నమోదు) తేదీ నుంచే లెక్కేస్తారు, అందుకని సర్టిఫికెట్లు రాగానే ఎన్‌రోల్ అయిపోవాలి.

ఒక సంగతి. మీ తమ్ముడు మెడికల్ షాపులో నాలుగేళ్లు చేశాడన్నారు. ఆ ముక్క బయోడేటాలో ఉందా?

నాచారం అక్క · సోమవారం రాత్రి 9:25

లేదు. చెప్పుకోవడానికి సిగ్గట. డిగ్రీ తర్వాత ఆ నాలుగేళ్లు ఖాళీగా వదిలేశాడు.

నాంపల్లి జూనియర్ · సోమవారం రాత్రి 9:31

అయ్యో, మొదటి లైన్‌లో పెట్టమనండి! మా సీనియర్ యాక్సిడెంట్ క్లెయిములు చూస్తారు. డిశ్చార్జ్ సమ్మరీలు, గాయాల సర్టిఫికెట్లు, మందుల బిల్లులు కుప్పలు. డాక్టర్ల రాత చదవలేక మేం మందుల షాపుకే పరిగెడతాం. ఏ మందు ఎందుకిచ్చారో తెలిసినవాడు ఆఫీసులో ఉంటే బంగారమే. పరీక్షలయ్యాక రమ్మనండి, సీనియర్‌తో మాట్లాడతా.

ఉప్పల్ వదిన · మంగళవారం ఉదయం 10:10

మరదలి ఫీజు ఆపించాను మాష్టారు గారూ. ఇప్పుడు సాయంత్రం కాలేజీ ఎక్కడుందని నన్నే తిరగమంటోంది.

నాచారం అమ్మాయ్, అబ్బాయి అన్నం మానేస్తే మాత్రం ఊరుకోకు. మా అబ్బాయి సీఏ ఇంటర్ తప్పినప్పుడు రాత్రుళ్లు నిద్రపోయేవాడు కాదు. 14416కి ఫోన్ చేశాం, టెలీ మానస్ అని సర్కారు నంబర్, ఫ్రీ. తెలుగులోనే మాట్లాడారు. ఏం చదివావని అడగలేదు, ఏం తిన్నావని అడిగారు.

నాచారం అక్క · పదో తేదీ ఉదయం 8:05

నిన్న పరీక్ష అయిపోయింది. ఇంతమంది చెప్పారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నా. నానమ్మను పొద్దున్నే పక్కింటి భారతక్క దగ్గర కూర్చోబెట్టాం, సీరియల్ పెట్టి. అమ్మ పొద్దున ఆరింటికే వంట చేసేసింది. 11:20కి కరెంటు పోయింది, నా గుండె ఆగింది. డబ్బాకి యూపీఎస్ ఉండబట్టి వాడికి ఫ్యాన్ ఆగిన సంగతి తప్ప ఇంకేం తెలీలేదట. హెచ్చరిక ఒక్కటే వచ్చింది, చెమట తుడుచుకుంటుంటే ముఖం కనపడలేదని.

రాము ల్యాప్‌టాప్ లాంటి ప్రశ్న రాలేదు. వేరొకరి అకౌంట్‌లోకి పాస్‌వర్డ్ ఊహించి వెళ్లినవాడి ప్రశ్న వచ్చిందట. రెండు దారులూ రాశానన్నాడు. మిగతాది వాడే రాస్తానంటున్నాడు, ఫోన్ ఇస్తున్నా.

నాచారం అక్క · పదో తేదీ ఉదయం 8:30

నేను తమ్ముణ్ని. అందరికీ థాంక్స్. నాంపల్లి అన్నా, సెమిస్టర్ అయ్యేదాకా ఆగలేక అడుగుతున్నా, మీరు విడిగా పంపిన డిశ్చార్జ్ సమ్మరీ ఫోటో చూశాను. ఎముక పేరుకి ముందున్న అడ్డం నిలువు గీతల గుర్తు నంబర్ కాదు. డాక్టర్లు ఫ్రాక్చర్‌కి అలా వేస్తారు. కింద లైన్‌లో ఇంకొకటి ఉంది, అంటే విరిగింది రెండు చోట్ల.

నాంపల్లి జూనియర్ · పదో తేదీ ఉదయం 8:41

మేం క్లెయిమ్ పిటిషన్‌లో ఒకటే రాశాం తమ్మీ. శనివారం రాగలవా? కాగితం అసలుది చూపిస్తా.